బోస్టన్‌లో మూడు అడ్మిట్లు, చేతిలో పదిహేను రోజులు: ఏది ఖాయం చేసుకోవాలి?

ఖమ్మం_అమ్మాయి
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. 2024లో బీటెక్ సీఎస్‌ఈ అయింది. హైదరాబాద్‌లో ఏడాదిన్నరగా టెస్టింగ్‌లో చేస్తున్నా. ఈ ఫాల్‌కి (సెప్టెంబరు సెమ్) అమెరికాలో ఎమ్మెస్‌కి బోస్టన్‌లోనే మూడు అడ్మిట్లు వచ్చాయి. నార్త్‌ఈస్టర్న్‌లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, యూమాస్ (యూనివర్సిటీ ఆఫ్ మసాచుసెట్స్) బోస్టన్‌లో కంప్యూటర్ సైన్స్, బోస్టన్ యూనివర్సిటీ మెట్రోపాలిటన్ కాలేజీలో కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్.

నాన్న గవర్నమెంట్ స్కూల్ టీచర్, ఇంకో మూడేళ్ళకి రిటైర్ అవుతారు. ఇల్లు పెడితే బ్యాంకు వాళ్ళు 40 లక్షల దాకా ఇస్తామన్నారు. కన్సల్టెన్సీలో అడిగితే "బోస్టన్ అంటే బోస్టనే మేడమ్, పేరున్నది పట్టుకోండి, కో-ఆప్‌లోనే అప్పు సగం తీరిపోతుంది" అన్నారు. కో-ఆప్ అంటే చదువు మధ్యలో కంపెనీలో జీతానికి చేసే పనట. మా మేనమామేమో "పేరు ఎవడికి కావాలి, అప్పు తక్కువ పడేది చూడు" అంటాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. డిపాజిట్ కట్టడానికి పదిహేను రోజులే ఉంది. అక్కడ చదివినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.


మిషన్‌హిల్_మూడో_అంతస్తు
సోమవారం, రాత్రి 11:15

చెల్లీ, నేను నార్త్‌ఈస్టర్న్‌లోనే ఆఖరి సెమ్‌లో ఉన్నా. ముందు ఒక పని చెయ్యి. అడ్మిట్ లెటర్ తెరిచి క్యాంపస్ అన్నచోట ఏముందో చూడు. దీనికి బోస్టన్ ఒక్కటే కాదు. సియాటిల్, శాన్ హోజే, మయామీ, వర్జీనియాలో ఆర్లింగ్టన్, మెయిన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్... ఇన్నిచోట్ల క్యాంపస్‌లున్నయ్. పోర్ట్‌లాండ్ నుంచి బోస్టన్‌కి రైల్లో రెండున్నర గంటలు. అక్కడ చదవడం తప్పని కాదు, కానీ నువ్వు బోస్టన్ కోసం వస్తున్నా అనుకుంటే ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం) మీద కూడా బోస్టనే ఉండాలి.

ఇక కో-ఆప్. కాలేజీవాళ్ళు తెచ్చి చేతిలో పెడతారని చాలామంది అనుకుంటరు. పోర్టల్‌లో కంపెనీల లిస్టు ఉంటది, రెజ్యూమే ఎట్ల రాయాలో చెప్పే చిన్న కోర్సు ఉంటది, అడ్వైజర్ ఉంటరు. ఆ తర్వాత ఎవరి తిప్పలు వాళ్ళవే. నేను 240 చోట్ల అప్లై చేసిన. ఐదు ఇంటర్వ్యూలు, ఒక్క ఆఫర్, ఆరు నెలలు. మా ఇంట్లో నలుగురిలో ఇద్దరికి రానేలేదు. రాకపోతే అది మామూలు ఎమ్మెస్సే, ఫీజు మాత్రం తగ్గదు.

రూల్ కూడా తెలుసుకో. కో-ఆప్ చేసేది సీపీటీ మీద, అంటే చదువుతుండగా పని చేసుకునే పర్మిషన్. దానికి ముందు ఒక అకడమిక్ ఇయర్, అంటే రెండు సెమ్‌లు ఫుల్‌టైమ్ చదవాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకునే పర్మిషన్, పోతది. ఆరు, ఎనిమిది నెలలైతే ఏం కాదు.

ఇంత చెప్పినా, నన్ను నిలబెట్టింది ఆ ఆరు నెలలే. "ఇక్కడ ఎక్కడైనా చేశారా?" అని అడిగితే చెప్పుకోవడానికి ఒక ముక్క ఉంది. నీకు ఇండియా ఎక్స్‌పీరియన్స్ ఉంది కాబట్టి నాకంటే నయమే.


లెక్కల_మాస్టారు
మంగళవారం, ఉదయం 6:50

అప్పు సగం తీరిపోతుందన్న మనిషిని ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, చూద్దాం.

40 లక్షలకి 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 4 లక్షల 40 వేలు. నెలకి 36,600 పైచిలుకు. అది వడ్డీ మాత్రమే, అసలు అలాగే ఉంటుంది. డబ్బు విడతలుగా తీసుకుంటారు కాబట్టి మొదట్లో ఇంత పడదు, చదువు అయ్యేసరికి మాత్రం ఈ అంకె దగ్గరికే వస్తుంది. దాన్ని నాన్నగారికి రాబోయే పెన్షన్ పక్కన పెట్టి చూడండి.

ఫీజు సెమ్‌కి ఎంత అని అడగొద్దు. క్రెడిట్‌కి ఎంత, డిగ్రీకి మొత్తం ఎన్ని క్రెడిట్లు అని అడిగి మీరే గుణించుకోండి. ఆ పైన హెల్త్ ఇన్సూరెన్స్. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టూడెంట్లకి అది చట్టప్రకారం ఉండాల్సిందే. ఇండియాలో తీసుకున్న పాలసీ చూపించి తప్పించుకుందామంటే కుదరదు. ప్రీమియం ఒక్కో కాలేజీకి ఒక్కోలా ఉంటుంది, ఫీజు పేజీలో ఎక్కడో అడుగున దాక్కుని ఉంటుంది.

క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు. ఈ రాష్ట్రంలో కనీస కూలి గంటకి 15 డాలర్లు. అంటే వారానికి 300. దొరికితే అద్దె, తిండి గడిచిపోతాయి, ఫీజు కట్టలేరు. "దొరికితే" కింద గీత గీసుకోండి. బయట క్యాష్‌కి చేద్దాంలే అనే ఆలోచన ఉంటే ఇప్పుడే చెరిపేయండి, వీసాకే ఎసరొస్తుంది.


ష్రూస్‌బరీ_రావు
మంగళవారం, ఉదయం 8:20

అమ్మా, 2006 నుంచి ఇటే ఉన్నాం. ఊరి పేరు చూసి కాలేజీ ఎంచుకోవడంలో ఉన్న తిరకాసు చెప్తాను. బోస్టన్ యూనివర్సిటీ వేరు, బోస్టన్ కాలేజీ వేరు, యూమాస్ బోస్టన్ వేరు. మెట్రో గ్రీన్ లైన్‌లో బి ట్రామ్ ఎక్కితే బోస్టన్ యూనివర్సిటీ నడిమధ్య నుంచి పోయి చివరి స్టాపు బోస్టన్ కాలేజీ దగ్గర ఆగుతుంది. మా బంధువుల కుర్రాడు ఓరియంటేషన్ రోజున చివరిదాకా వెళ్ళి, అక్కడి ఆఫీసులో తన పేరు లేదని గొడవపడి, ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేశాడు. హార్వర్డ్ మెయిన్ క్యాంపస్, ఎంఐటీ అయితే అసలు ఈ ఊళ్ళోనే లేవు, చార్లెస్ నది అవతల కేంబ్రిడ్జ్‌లో ఉన్నాయి. ఇంకోటి, ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్‌కి బయటివాళ్ళని ఉత్త ఎమ్మెస్ కోసం తీసుకోరు, పీహెచ్‌డీకే తీసుకుంటారు. ఎవరైనా "మా అబ్బాయి ఎంఐటీకి ఎమ్మెస్ అప్లై చేశాడు" అంటే నవ్వి ఊరుకోండి.

కాలేజీకంటే ముందు ఈ ఊళ్ళో ఏ పనులున్నాయో చూడాలి. కాలిఫోర్నియాలా ఇక్కడ సందుకో సాఫ్ట్‌వేర్ కంపెనీ లేదు. ఈ ఊరికి బలం ఆసుపత్రులు, మందులు, రీసెర్చి. కేంబ్రిడ్జ్‌లో కెండాల్ స్క్వేర్ చుట్టూ నడిస్తే మోడెర్నా, బయోజెన్, నోవార్టిస్ బోర్డులే. వాళ్ళకీ డేటా మనుషులు కావాలి. ఇంకా ముఖ్యమైనది: యూనివర్సిటీలకి, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులకి, రీసెర్చి సంస్థలకి ఉద్యోగ వీసా హెచ్‌1బీ లాటరీతో పని లేదు, ఏడాదిలో ఎప్పుడైనా ఫైల్ చేసుకోవచ్చు. జీతం కాస్త తక్కువే ఉంటుంది. కానీ అలాంటి సంస్థలు ఇన్ని ఒకేచోట ఉన్న ఊళ్ళు ఈ దేశంలో తక్కువ. కన్సల్టెన్సీలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

మిషన్ హిల్ బాబు ఉండే పేట పక్కనే బ్రిగామ్ ఆసుపత్రి ఉంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో హార్వర్డ్‌కి వచ్చి, చేతిలో డబ్బుల్లేక అప్పటి పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిళ్ళు బెడ్‌పాన్లు కడిగారు. 1925కల్లా, శరీరంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి బయటికొచ్చింది. ఆ వీధిలో నడిచినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. సంబంధం లేని మాటే అనుకోండి, వయసు అలాంటిది.


చారు_నీళ్ళు
మంగళవారం, ఉదయం 8:31

సుబ్బారావు గారికి హెచ్‌1బీ లాటరీ లేదు రావు గారూ. అదృష్టవంతుడు.


ష్రూస్‌బరీ_రావు
మంగళవారం, ఉదయం 8:44

సిటిజన్‌షిప్పూ లేదు నాయనా. 1946 దాకా మనవాళ్ళకి ఇచ్చేవారు కాదు. ఆయన 1948లో పోయారు, చివరిదాకా తీసుకోలేదు.


తిరిగొచ్చినవాడు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఎవరూ అసలు మాట అనట్లేదు కాబట్టి నేనంటాను. ఇల్లు తాకట్టు పెట్టి ఈ టైములో అమెరికా ఏంటి? 2025 సెప్టెంబరులో హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఈ రూల్స్ రేపు ఎటు పోతాయో ఎవడికీ తెలీదు. నేను 2023లో ఎమ్మెస్ చేసి, ఓపీటీ మీద దాదాపు మూడు నెలలు ఖాళీగా కూర్చుని వెనక్కొచ్చా. గచ్చిబౌలిలో చేస్తున్నా, ఈఎంఐ ఇప్పటికీ కడుతున్నా. హైదరాబాద్‌లోనే టెస్టింగ్ నుంచి డెవలప్‌మెంట్‌కి మారు. అప్పు లేని నిద్ర వేరు.


మిషన్‌హిల్_మూడో_అంతస్తు
మంగళవారం, సాయంత్రం 5:30

అన్నా, నీ బాధ నిజమే కానీ లక్ష డాలర్ల సంగతి సగమే చెప్పినవ్. అమెరికా బయట ఉన్నవాళ్ళ మీద వేసే కొత్త పిటిషన్లకే అది. ఇక్కడ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి లోపల్నుంచే స్టేటస్ మార్చుకునేవాళ్ళకి వర్తించదని తర్వాత ఇమిగ్రేషన్ వాళ్ళే చెప్పిన్రు. స్టెమ్ డిగ్రీ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) అయితే ఓపీటీ 12 నెలలు, దాని మీద ఇంకో 24 ఉంది. రేపు మారొచ్చు, కాదనను.


మోడరేటర్
మంగళవారం, సాయంత్రం 5:52

వెళ్ళాలా వద్దా అన్న చర్చకి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ మూడింట్లో ఏది అన్నదే. ఓ కన్సల్టెన్సీ ఫోన్ నంబరు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను.


సముద్రం_పక్క_క్లాసు
మంగళవారం, రాత్రి 10:10

యూమాస్ బోస్టన్‌లో 2023 డిసెంబరులో నా ఎమ్మెస్ అయింది. ఎవరూ దీని గురించి రాయడం లేదని లాగిన్ అయ్యాను.

ఇది రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ. కొలంబియా పాయింట్ అనే చోట, మూడు వైపులా నీళ్ళు, పక్కనే కెన్నెడీ లైబ్రరీ. రెడ్ లైన్‌లో జేఎఫ్‌కే యూమాస్ స్టేషన్‌లో దిగితే షటిల్ బస్సు ఉంటుంది, నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. ఫోటోల్లో చాలా బాగుంటుంది. జనవరిలో ఆ సముద్రపు గాలికి చెవులు ఉన్నాయో లేవో తడుముకోవాలి.

మంచి చెప్తాను. క్లాసులు చిన్నవి. మా డేటాబేస్ ప్రొఫెసర్‌కి నా పేరు, నేను ఏ కోడ్ దగ్గర ఆగిపోయానో కూడా గుర్తుండేది. రెండో సెమ్‌లో ఆయనే గ్రేడింగ్ పని ఇప్పించారు. నాతో చదివినవాళ్ళలో సగంమంది ఎక్కడో ఉద్యోగం చేస్తూ సాయంత్రం క్లాసుకొచ్చే లోకల్ మనుషులు. నా ఉద్యోగం కెరీర్ ఫెయిర్‌లో రాలేదు. ప్రాజెక్టులో నా పక్కన కూర్చున్న నలభై ఐదేళ్ళావిడ ఒక ఆసుపత్రిలో డేటా టీమ్‌లో చేసేది, ఆవిడే రెఫర్ చేసింది. రావు గారు చెప్పిన లాటరీ లేని కోవలోదే.

చెడు కూడా. కో-ఆప్ లాంటి ఏర్పాటు ఆ స్థాయిలో లేదు, ఇంటర్న్‌షిప్ సొంతంగా వెతుక్కోవాలి. పేరు చెప్తే "యూమాసా? ఆమ్‌హర్స్టా?" అంటారు. అది వేరే ఊళ్ళో వేరే క్యాంపస్ అని ప్రతిసారీ చెప్పుకోవాలి. వాట్సాప్ గ్రూపులో తెలుగువాళ్ళు తక్కువ. అది నాకు మంచే చేసింది, ఇంగ్లీషు మాట్లాడక తప్పలేదు.


గుంటూరు_నాన్న
బుధవారం, ఉదయం 7:15

నమస్కారమండి. మా అమ్మాయి బీఫార్మసీ చేసి బోస్టన్‌లోనే ఫార్మసీ కాలేజీలో మాస్టర్స్ చదువుతోంది. కాలేజీ సంగతి నాకు తెలియదు గానీ ఇంటి విషయంలో మేం తిన్న దెబ్బ చెప్తాను. వెళ్ళకముందే ఫేస్‌బుక్‌లో గది చూసుకుంది. ఫోటోలు, వీడియో అన్నీ పంపారు. 1,200 డాలర్లు అడ్వాన్సు పంపాం. పిల్ల సూట్‌కేసులతో వెళ్తే ఆ ఇంటి నంబరే లేదు, 14 తర్వాత 18 ఉంది. ఎవరో తెలుగు పిల్లలు హాల్లో తొమ్మిది రోజులు పడుకోనిచ్చారు, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. తెలిసినవాళ్ళెవరైనా కళ్ళతో చూసి వచ్చేదాకా రూపాయి పంపొద్దమ్మా.


ఆరెంజ్_లైన్
బుధవారం, ఉదయం 9:30

గుంటూరు బాబాయ్ చెప్పింది ప్రతి ఆగస్టులో జరుగుతుంది. ఇంటి సంగతి నేను చెప్తా, ఆరేళ్ళలో ఐదు ఇళ్ళు మారినవాణ్ణి.

బోస్టన్‌లో లీజులు ఎక్కువభాగం సెప్టెంబరు 1నే మొదలవుతాయి. ఆగస్టు 31న పాతవాళ్ళు దిగిపోతారు, మర్నాడు కొత్తవాళ్ళు ఎక్కుతారు. ఊరు ఊరంతా ఒకేరోజు ఇల్లు మారుతుంది. ఆల్స్టన్ అనే పేటలో ఫుట్‌పాత్ మీద సోఫాలు, బల్లలు, కుక్కర్లు కుప్పలు. దాన్ని ఆల్స్టన్ క్రిస్మస్ అంటారు. స్టారో డ్రైవ్ అనే రోడ్డు మీద వంతెనలు తక్కువ ఎత్తు, సామాన్ల ట్రక్కు పైకప్పు అక్కడ చిరుగుతుంది. ఏటా ఎవరో ఒకరు ఇరుక్కుంటారు, ఊరంతా చూసి నవ్వుకుంటుంది. సంగతేంటంటే, ఆగస్టు మధ్యలో దిగితే రెండు వారాలు ఎక్కడుంటావో ముందే చూసుకో.

అడ్వాన్సుగా ఇంటాయన అడగగలిగేది మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెల మించని డిపాజిట్, తాళం ఖర్చు. అంతే, చట్టం. ఇదివరకు బ్రోకరుకి ఇంకో నెల అద్దె మన నెత్తిన వేసేవాళ్ళు. 2025 ఆగస్టు 1 నుంచి బ్రోకర్ని పెట్టుకున్నవాడే కట్టాలి. డిపాజిట్‌కి రసీదు తీసుకో, అది వడ్డీ వచ్చే ప్రత్యేక ఖాతాలో వెయ్యాలి. మా పాత ఇంటాయన ఒకడు వెయ్యలేదు, అది గుర్తుచేసేసరికి మర్యాదగా మొత్తం తిరిగిచ్చాడు. చలికాలంలో పగలు 68, రాత్రి 64 ఫారెన్‌హీట్ వెచ్చదనం ఉండేలా చూడటం కూడా ఇంటాయన బాధ్యతే. "అద్దెలో హీట్ కలిపేనా" అని అడగడం మర్చిపోకు, కలపకపోతే జనవరి బిల్లు చూసి ఇంట్లో కూడా జాకెట్ వేసుకుంటావు.

నేనున్న ఇళ్ళల్లో షేరింగ్‌లో మనిషికి 700 నుంచి 1,100 డాలర్లు పడింది. మెట్రోకి నెల పాస్ 90 డాలర్లు. కూరగాయలకి శుక్ర, శనివారాలు హేమార్కెట్. శనివారం సాయంత్రం మూసేముందు వెళ్తే టమాటాలు, వంకాయలు దాదాపు ఊరికే ఇస్తారు. ఇంటికొచ్చి సగం ఏరి పారేయాలి, అది వేరే సంగతి.


ఖమ్మం_అమ్మాయి
బుధవారం, రాత్రి 9:05

అందరికీ థాంక్స్. నార్త్‌ఈస్టర్న్ లెటర్ చూశా, బోస్టనే ఉంది. బోస్టన్ యూనివర్సిటీ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. పేరు పెద్దదని నాన్నకి అదే ఇష్టం.


బి_ట్రామ్
బుధవారం, రాత్రి 11:50

మెట్రోపాలిటన్ కాలేజీలో చదివా. అది బోస్టన్ యూనివర్సిటీలో భాగమే, డిగ్రీ ఆ యూనివర్సిటీదే. కానీ కామన్‌వెల్త్ అవెన్యూ మీద పుస్తకాలు ఎగుడుదిగుడుగా పేర్చినట్టుండే కంప్యూటింగ్ బిల్డింగ్ ఫోటో చూసి అంతా అదే అనుకోవద్దు. మెట్రోపాలిటన్ కాలేజీ మొదట్నుంచీ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం నడిచింది, క్లాసులు ఎక్కువ సాయంత్రాలే. ప్రాక్టికల్‌గా చెప్తారు. రీసెర్చి ల్యాబుల వైపు వెళ్ళాలంటే తలుపు మనమే తట్టుకోవాలి.

మూడింటికీ ఒకటే పరీక్ష పెట్టండి. ఐ-20 మీద ప్రోగ్రామ్ పక్కన సీఐపీ కోడ్ అని అంకె ఉంటుంది. అది స్టెమ్ లిస్టులో ఉందో లేదో చూసుకోండి. కంప్యూటర్ సైన్స్ 11.0701. ప్రోగ్రామ్ పేరులో కంప్యూటర్ అన్న మాట ఉంటే సరిపోదు, కోడ్ చూడాలి.


ఖమ్మం_అమ్మాయి
ఆదివారం, ఉదయం 10:20

నాలుగు రోజులు కూర్చుని మూడు కాలేజీలకీ ఒక షీట్ వేశా. క్రెడిట్లు గుణించి, ఇన్సూరెన్స్ కలిపి, డాలరు 90 వేసి చూస్తే యూమాస్‌కీ మిగతా రెండింటికీ మధ్య తేడా మా ఇంటి మేడ మీద ఇంకో అంతస్తు లేపేంత ఉంది. మూడు డిపార్ట్‌మెంట్లకీ ఒకే మెయిల్ పెట్టా: టెస్టింగ్ ఎక్స్‌పీరియన్స్ ఉంది, గ్రేడింగ్ పనులు ఎలా ఇస్తారు అని. ఒకచోట నుంచి ఆటోమేటిక్ రిప్లై, ఒకచోట నుంచి వెబ్‌సైట్ లింకు. యూమాస్‌లో ఒక ప్రొఫెసర్ తనే రాశారు, మొదటి సెమ్‌లో ఆశ పెట్టుకోవద్దు, వచ్చాక ఆఫీసుకొచ్చి కలువు అని.

యూమాస్‌కే కట్టేస్తున్నా. 40 కాకుండా తక్కువే తీసుకుంటున్నాం.


మిషన్‌హిల్_మూడో_అంతస్తు
ఆదివారం, ఉదయం 11:02

కంగ్రాట్స్ చెల్లీ. నేనైతే ఇప్పటికీ కో-ఆప్ వైపే మొగ్గుతా, ఆ పోర్టల్ ఒక్కటీ లేకపోతే నాకు ఆ ఇంటర్వ్యూలు వచ్చేవి కావు. నువ్వు మొదటి సెమ్ నుంచే అప్లికేషన్లు మొదలుపెట్టు, సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లకి సెప్టెంబరు, అక్టోబరులోనే తలుపులు తెరుస్తరు.


లెక్కల_మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఆ షీట్ ఇక్కడ పెట్టమ్మా, పేర్లు తీసేసి. వచ్చే ఏడు ఇదే ప్రశ్న ఇంకో పాతికమంది అడుగుతారు.


సముద్రం_పక్క_క్లాసు
ఆదివారం, సాయంత్రం 6:40

సావిన్ హిల్‌లో మా పాత ఇంట్లో సెప్టెంబరు 1కి ఒక గది ఖాళీ అవుతోంది, యూనివర్సిటీకి ఒక్క స్టేషన్ దూరం. ముగ్గురూ అమ్మాయిలే. నేను వెళ్ళి చూసి వీడియో కాల్ చేస్తా, డబ్బు ఇప్పుడే ఎవరికీ పంపకు. బల్ల, కుర్చీ రోడ్డు మీద దొరికినా తెచ్చుకో, పరుపు మాత్రం ముట్టుకోకు. నల్లులు పట్టుకుంటే ఆర్నెల్లు వదలవు.


ఖమ్మం_అమ్మాయి
ఆదివారం, రాత్రి 9:30

నమస్తే అండి, నేను అమ్మాయి వాళ్ళ నాన్నని, తన ఫోన్ నుంచే రాస్తున్నాను. అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. గది చూస్తానన్న అమ్మకి చాలా థాంక్స్. ఒక్కటే అడగాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగుంపావుకే చీకటి పడుతుందని ఎక్కడో చదివాను. సాయంత్రం క్లాసులు అంటున్నారు. క్లాసు అయ్యాక స్టేషన్ దాకా ఆ బస్సు ఉంటుందా, లేక పిల్ల నడవాలా?


సముద్రం_పక్క_క్లాసు
ఆదివారం, రాత్రి 9:48

ఉంటుంది అంకుల్. టైమింగ్స్ సెమిస్టర్ సెమిస్టర్‌కీ మారుతుంటాయి, కానీ సాయంత్రం క్లాసులవాళ్ళు ఎక్కే బస్సే అది. నేను రెండేళ్ళూ అందులోనే వెళ్ళా, నిలబడటానికి కూడా చోటుండేది కాదు.